అచ్చుకెక్కని నీలం

పదకొండింటికి వస్తానన్నాడు, ఇంకా పది నిమిషాలుంది, పది నిమిషాలంటే ఎంత, స్తంభం ఎక్కి ఫ్యూజు మార్చి దిగొచ్చేంత సేపు, బావ ఎప్పుడూ చెప్పిన వేళకి ముందే వచ్చే మనిషి, ఊరికే గడియారం చూడటం దేనికి అనుకుంటూనే మళ్లీ చూశాను. ప్రెస్సులో గడియారం మెషినుకు ఎదురుగోడ మీద ఉంది. దాని అద్దం మీద ఇంకు వేలిముద్రలు, ఎవరో ముల్లు సరిచేసినప్పుడు పడినవి కాబోలు, రెండుకీ మూడుకీ మధ్య ఒక బొటనవేలు చక్కగా అచ్చయి ఉంది. నేను కూర్చున్నది కాగితం కట్టల మీద. మా కాగితమే, నలభై ఎనిమిది పేజీల పుస్తకానికి కొలిచి కోసి పెట్టింది. పన్నెండు దాకా మెషిను మీద పాఠ్యపుస్తకాల పని, రెండు నుంచి క్యాలెండర్ల పని, ఆ రెంటి సందులో రెండు గంటలు మాకు. పన్నెండు కొట్టేసరికి చివరి పేజీ చేతిలో లేకపోతే క్యాలెండర్లు ముందే ఎక్కుతాయి, మళ్లీ మాకు సందు దొరికేది నాలుగు నెలలకి. ఎల్లుండి చిన్న పుస్తకాలవాళ్ల సంత. నలభై ఏడు పేజీలు లోపలి గదిలో ఉన్నాయి. నలభై ఎనిమిదోది బావ దగ్గర ఉంది. బావ దారిలో ఉన్నాడు. నేను పొద్దున బస్సు దిగి వస్తూ రోడ్డుకి అవతల ఒక స్తంభం చూశాను, దాన్ని నిలబెట్టే పట్టు తీగ తెగి ఒక పక్కకి ఒరిగింది, ఎవరూ ఇంకా ఆఫీసుకి రాసి పంపలేదు, రేపు డ్యూటీకి వెళ్లగానే చెప్పాలి అనుకున్నాను. ఇలాంటివి నా కంటికి ఊరికే తగులుతాయి. ఆకు కదిలితే గాలి ఎటునుంచో చెప్పగలను. బల్ల దగ్గర మనిషి కూర్చున్న తీరు చూసి పొద్దున ఇంట్లో గొడవైందో లేదో చెప్పగలను. ఆ సంగతి ఇవాళ గొప్పకి చెప్పుకునే రోజు కాదని అప్పటికి నాకు తెలియదు.

బావంటే మా అక్క మొగుడు. దుకాణాల బోర్డులు రాసేవాడు. ఒకప్పుడు పట్నంలో సగం బోర్డులు ఆయన చేతివే, నిచ్చెన మీద నిలబడి దారం కొట్టకుండా, స్కేలు పెట్టకుండా ఇంత పొడుగు గీత ఒక్క ఊపిరిలో లాగేవాడు, కింద నిలబడి చూసేవాళ్లు ఊపిరి బిగపట్టి ఆయన వదిలినప్పుడు వాళ్లూ వదిలేవారు. నేను లైన్‌మన్‌ని. ఇరవై ఆరేళ్లుగా స్తంభాలెక్కడమే పని. ఈ బొమ్మల కథల పిచ్చి మా ఇద్దరికీ ఎక్కడినుంచి అంటుకుందో అక్కకి ఇప్పటికీ అంతుపట్టదు. "ఒకడు స్తంభాలెక్కేవాడు, ఒకడు నిచ్చెనలెక్కేవాడు, ఇద్దరూ కలిసి దిగేది మాత్రం నా నెత్తిమీదికే" అంటుంది. పన్నెండేళ్లు, ఏడు పుస్తకాలు. మొదటిసారి నేను నలభై కాగితాలు నింపి తీసుకెళ్లి ఇస్తే బావ రెండు రోజులు ఉంచుకుని తిరిగిచ్చేశాడు. "ఇది చదివితే నాకు మాటలు కనబడుతున్నాయిగానీ మనుషులు కనబడట్లేదురా. రాయకు. నడుస్తూ చెప్పు" అన్నాడు. అప్పటినుంచి ఆదివారాలు రైలుకట్ట వెంబడి నడక. నేను చెప్పేవాణ్ణి. మామూలుగా నాలుగు ముక్కలు మాట్లాడితే అలసిపోయే మనిషిని, ఆ కట్ట మీద మాత్రం ఎక్కడినుంచి వచ్చేవో మాటలు. బావ పక్కన నడుస్తూ చూపుడువేలితో తొడ మీద గీసుకునేవాడు, ఆ వేలు ఆగిందంటే నా కథ కుంటుతోందని గుర్తు, నేను వెనక్కి వెళ్లి మళ్లీ చెప్పేవాణ్ణి. ఇంటికెళ్లి ముందు లేత నీలం పెన్సిలుతో పేజీ అంతా గీస్తాడు, దాని మీద నల్ల ఇంకు, మాటల బుడగలు ఖాళీగా వదిలి నాకు పంపుతాడు, వాటిలో అక్షరాలు కుంచెతో నేను నింపుతాను. ఆ లేత నీలం అచ్చులో రాదు. అందుకే చెరపనక్కర్లేదు, కాగితం మీద అలా ఉండిపోతుంది, మెషిను దానికి గుడ్డిది.

ఎవరికీ కనబడదు కాబట్టి మేం దానిలోనే మాట్లాడుకునేవాళ్లం. అంచుల్లో, బుడగల్లో, బొమ్మల కాళ్ల సందుల్లో. "ఇక్కడ నీ వాగుడు తగ్గించు, కుక్క తోక పట్టట్లేదు" అని ఆయన. "తోక కోసెయ్యి" అని నేను. "ఈ కూరగాయలమ్మికి మీ అక్క ముక్కు పెట్టాను, చెప్పావో చచ్చావురా." "ముక్కు కాదు, గొంతు పెట్టు చూద్దాం." ఏడు పుస్తకాలు అచ్చయి ఎవరెవరి ఇళ్లలోకో వెళ్లాయి, వాళ్లు చదివింది నలుపు, మేం చదువుకున్నది నీలం. ఒక మనిషి ఇంకో మనిషితో పనిచేయడమంటే అదేననుకుంటాను, పైకి కనబడే పని కింద కనబడని మాట ఒకటి నడుస్తూ ఉండటం. పదకొండు దాటి ఐదు నిమిషాలైంది. మెషిను మేస్త్రి గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నా ముందు నిలబడ్డాడు, ఆయనకి మా పుస్తకాలంటే ఇష్టం, ఇష్టమున్న చోటే వెక్కిరింత కూడా. "ఏమయ్యా లైన్‌మన్, మీవాడు ఇంకా స్తంభం దిగలేదా?" అన్నాడు. కథలోవాణ్ణి గురించి అడిగాడో బావను గురించి అడిగాడో తెలియక, "దిగుతాడు" అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. ఎందుకంటే దిగడని పంతం పట్టింది నేనే.

ఎనిమిదో పుస్తకంలో ఒక లైన్‌మన్ గాలివానలో స్తంభమెక్కుతాడు. అంతే కథ. ఊరంతా చీకటి. పైనుంచి వాడికి ఒక్కో ఇంటి కిటికీ కనబడుతుంది, ఒక్కో దీపం వెలుగులో ఒక్కో బతుకు. కింద ఉండాల్సినవాడు ఉండడు. వాడు తాడు పంపమని అరుస్తాడు. చివరికి పడిపోతాడు. నేను చెప్పినట్టయితే పడిపోతాడు. ముప్పైమూడో పేజీ నుంచి బావ గీసిన స్తంభాలు వంకరపోవడం మొదలైంది. మొదట ఒకటి, తర్వాత రెండు, తర్వాత అన్నీ, నడుం దగ్గర విరిగినట్టు. వంకర తలుపు చూస్తే వడ్రంగి చెయ్యి ఊరుకోనట్టే నిలబడని స్తంభం చూస్తే నా ఒళ్లు ఊరుకోదు. వాళ్లింటికెళ్లి, అక్క వింటుండగానే అన్నాను, "నీ స్తంభాలన్నీ తాగొచ్చి నిలబడ్డాయి బావా. కరెంటువాళ్లు చూస్తే పొట్ట పగిలేలా నవ్వుతారు." ఆయన పేజీ ఎత్తి కుడికంటికి దగ్గరగా పెట్టుకున్నాడు, తర్వాత ఎడమకంటికి పెట్టుకున్నాడు, మళ్లీ కుడికంటికి. నన్ను ఆట పట్టిస్తున్నాడనుకున్నాను. నాకు కోపమొచ్చింది. తర్వాత సిరా సీసా మూత బిగిస్తూ, బిగుసుకున్న మూతనే మళ్లీ బిగిస్తూ అన్నాడు, "అవి తర్వాత చూద్దాంరా. ముందు నాకో మాట చెప్పు. వాణ్ణి దింపుదాం. నలభై పేజీలు ఒక్కో గడిలో ఒక్కో అడుగు వేయించి ఎక్కించింది నేను. ఆ కాళ్లు నాకు తెలుసు. దిగగలడు వాడు." దిగడు, అన్నాను. "కథలోనన్నా దిగనియ్యరా" అన్నాడు. అది ఎందుకన్నాడో నాకు తెలుసు, ఆయనకి తెలిసిన సంగతి ఈ భూమ్మీద ఇంకెవరికీ తెలియదు, రైలుకట్ట మీద నేనే చెప్పాను, చెప్పినందుకే ఆ క్షణం ఆయన మీద పగ పుట్టింది. "కథ నాది" అన్నాను. పన్నెండేళ్లలో మా ఇద్దరిలో ఎవరి నోటా రాని మాట అది. వంటింట్లో అక్క కడుగుతున్న గిన్నె చప్పుడు ఆగిపోయింది.

ఆరు వారాలు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమంటే ఏమిటో ఈ ఆరు వారాల్లో తెలిసింది. మాటల్లేవు. పేజీలు మాత్రం ఆగలేదు, అక్క పనికి వెళ్తూ మా ఇంట్లో కవరు పడేసేది, వస్తూ తీసుకుపోయేది. "నేను మీకు పోస్టుమాన్‌నా, పెళ్లిళ్ల పేరయ్యనా?" అనేది. నేను నవ్వేవాణ్ణి కాదు. నీలం చదవకూడదని ఒట్టుపెట్టుకున్నాను. చదివితే ఏముంటుందో తెలుసు, ఏదో వేళాకోళం రాసి ఉంటాడు, నాకు నవ్వొస్తుంది, నవ్వొస్తే కోపం పోతుంది, కోపం పోతే వాడు స్తంభం దిగిపోతాడు. ఎదురుగా అక్షరముంటే చదవకుండా ఉండలేని కళ్లు నావి, పొట్లం కట్టిన కాగితమైనా విప్పి చదువుతాను, అందుకని కళ్లజోడు తీసి పక్కన పెట్టి, చేతి అలవాటు మీద పెద్దక్షరాలు దిద్దాను. జోడు లేకపోతే నాకు నలుపు కనబడుతుంది, లేత నీలం పొగలా ఉంటుంది. పదకొండుంబావు. అక్కకి ఫోను చేశాను. "తొమ్మిదికే బయల్దేరాడు కదరా! పేజీ చుట్టి పెట్టిన గొట్టం చంకలో పెట్టుకుని. నేను తోడొస్తానంటే చిన్నపిల్లాణ్ణా అని కసిరాడు. ఇంకా రాలేదా?" బస్సు నలభై నిమిషాల దారి. "దారిలో ఎవరో కలిసుంటారులే అక్కా" అన్నాను. ఆయన ఫోను ఏదీ, అని అడిగాను. "ఇదిగో ఇక్కడే బల్ల మీద ఏడుస్తోంది. ఈ మధ్య దాన్ని ముట్టుకోవడమే మానేశాడు. నువ్వొకడివి మాట్లాడవు, ఆయనొకడు మాట్లాడడు, ఇంట్లో గోడలతో మాట్లాడుకుంటున్నాను తమ్ముడూ." పెట్టేశాను. ఫోను ముట్టుకోవడం లేదు అన్న మాట చెవిలో జోరీగలా ఉండిపోయింది, ఎందుకుండిపోయిందో అప్పటికింకా తెలియదు, లైను మీద చెయ్యి వెయ్యకముందే వేలి కొసన ఒక జిల ఉంటుంది, అలాంటిది.

లోపలి గదిలోంచి స్కానింగు చేసే ఆమె పిలిచింది. నా ఈడుకి నాలుగైదేళ్లు చిన్న ఉంటుంది, మెడనొప్పికి పట్టీ కట్టుకుని పనిచేస్తుంది, పొద్దున్నుంచీ నలభై ఏడు పేజీలు ఒక్కోటి పెట్టి తెరమీద సరిచూస్తూ కూర్చుంది. "అన్నయ్యా, ఒకసారి ఇటొస్తారా? స్కానరుకి నీలం కూడా కనబడుతుంది కదా, ఆ గీతలన్నీ తీసేసుకుంటూ వస్తున్నాను, ఒక్క నొక్కుడుకి పోతాయి. ఈ నలభై ఒకటో పేజీలో చెయ్యి ఆడలేదు. ఇది గీతల్లా లేదు. ఉత్తరంలా ఉంది." కళ్లజోడు పెట్టుకుని వంగాను. తెర మీద మా లైన్‌మన్, వాన, వంగిన స్తంభం, వాడి నోట్లోంచి పేజీలో సగాన్ని మింగేసిన బుడగ, దానిలో నా కుంచె అక్షరాలు, తాడు పంపండి, తాడు. అంత పెద్ద అక్షరాలు ఈ పన్నెండేళ్లలో నేనెప్పుడూ రాయలేదు, రాసినప్పుడు రెండుసార్లు కుంచె మార్చాను. "నలుపు కాసేపు దాచి చూపిస్తాను" అందామె. నా అక్షరాలు మాయమయ్యాయి. అవి నడిచిన చోటల్లా తెల్లటి కాలిబాటలు మిగిలాయి. వాటికి అటూ ఇటూ బావ చేతిరాత, లేత నీలం, వరసలు ఒకదాని మీదికొకటి ఎక్కుతూ. బోర్డులు రాసే మనిషి. వరస తప్పడమంటే ఏమిటో ఎరగని మనిషి.

తెగిన చోట్లు నేను పూరించుకున్నాను, ఆ రాత నాకు నా అరచెయ్యిలా తెలుసు. "స్తంభాలు వంగలేదురా. నా కన్ను వంగింది. నిలువుగీత గీస్తుంటే నడిమికి విరిగినట్టు కనబడుతోంది. దాన్ని సరిచేస్తే నీకు వంకర కనబడుతోంది. కుడికన్ను నడిమధ్య మచ్చ. ఎడమదానికీ మొదలైందన్నాడు డాక్టరు. మీ అక్కకి చెప్పకు, చివరి పేజీ అయ్యేదాకా. బుడగలో రాస్తున్నాను, ఇక్కడైతే నువ్వు చూడకుండా ఉండలేవు. ఒక్కసారి రా. నా పక్కన కూర్చుని గీత ఎక్కడ వంగుతోందో చెబుతుండు. కథ నీ ఇష్టమొచ్చినట్టే కానీ. రా." కింద తేదీ ఉంది. ఆరు వారాల కిందటిది, గొడవైన మూడో రోజు. "తీసెయ్యనా అన్నయ్యా?" అని అడుగుతోంది ఆమె. ఇక్కడైతే నువ్వు చూడకుండా ఉండలేవు. చూడకుండా ఉన్నాను బావా. కళ్లున్నవాణ్ణి జోడు తీసి పక్కన పెట్టి, నీ కన్ను మీద నల్లటి కుంచె లాగాను, ఆరేవరకు ఊదాను కూడా. కుడికంటికి ఒకసారి, ఎడమకంటికి ఒకసారి పేజీ పెట్టుకుని చూసిన మనిషిని చూసి ఎగతాళి అనుకున్నాను. ఫోను ముట్టుకోవడం లేదంటే చదవలేక. మూతపెట్టిన సీసాకి మళ్లీ మూత పెట్టాడంటే పడిందో లేదో తెలియక. అన్నీ చూశాను. చూసినవన్నీ కోపం పద్దులో వేసుకున్నాను. ఆ మనిషి ఇప్పుడు తొమ్మిది గంటలనుంచి రోడ్డు మీద ఉన్నాడు, ఒక్కడే, పెద్ద బండ్లు తిరిగే రోడ్డు మీద, ఫోను లేకుండా, చంకలో గొట్టంతో, నేను చేతులు కట్టుకుని కాగితం కట్టల మీద కూర్చుని ఆయన ఆలస్యాన్ని లెక్కపెడుతున్నాను.

కింద ఉన్నవాడు కదలకూడదు. పనిలో చేరిన రోజు పెద్ద లైన్‌మన్ చెప్పిన మొదటి మాట అది. పైన మనిషి ఉన్నంతసేపూ కింద ఉన్నవాడు స్తంభం మొదలు వదలకూడదు, వాన వచ్చినా, పాము వచ్చినా, పెళ్లాం వచ్చినా. లైను ఆపించి చీటీ తీసుకున్నవాడే పనయ్యాక దాన్ని తిరిగిచ్చి లైను వేయించాలి, కిందివాడు పైవాడి మీదినుంచి చూపు తిప్పకూడదు. పదిహేనేళ్ల కిందట నా జోడీగాడు పైన ఉన్నాడు. నేను కింద. సందులో అడ్డంగా పెట్టిన మా బండి తియ్యమని ఎవడో హారన్ కొడుతున్నాడు, కొడుతూనే ఉన్నాడు, రెండు నిమిషాలు, పోనీలే అని వెళ్లాను. బండి పక్కకి తీస్తుంటే వాడి కేక వినబడింది, తాడు పంపరా, తాడు, వస్తున్నా అని అరిచాను, నా అరుపు వాడికి వినబడలేదేమో, ఇంకోసారి పిలిచాడు, తర్వాత తాడు కోసం ఆగకుండా తానే పైతీగ అందుకోబోయాడు. నేను వెళ్లేసరికి వాడి చెప్పులు స్తంభం మొదట్లో ఎక్కేముందు విడిచినవి విడిచినట్టు పక్కపక్కనే ఉన్నాయి, వాడు మాత్రం కొంచెం ఇవతల పడి ఉన్నాడు. విచారణలో కాలు జారిందని రాశారు. నేనూ అలాగే చెప్పాను. బండి సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. రైలుకట్ట మీద బావకి తప్ప. ఆ రోజు బావ వేలు తొడ మీద ఆగలేదు, నేను చెప్పినంతసేపూ గీస్తూనే ఉన్నాడు, చెప్పడం అయ్యాక, "ఎనిమిదోది ఇదేరా" అన్నాడు. వాణ్ణి దింపుదాం అన్నాడంటే నన్ను దింపుదామని. అది నాకు తెలిసే కాదన్నాను. చచ్చినవాణ్ణి బొమ్మలో దింపి నేను నిద్రపోతే వాడికి నేను చేసే రెండో మోసమనిపించింది. నా న్యాయం నాకు బాగానే ఉంది. ఆ న్యాయాన్ని గట్టిగా రాయాలని కుంచె ఒత్తి, తాడు పంపండి అని దిద్దినప్పుడు, దాని కింద ఇంకొకడు తాడు పంపమంటున్నాడు. రెండోసారి కూడా నేను బండి తీయడానికే వెళ్లాను.

పన్నెండుకి పావు తక్కువ. అక్క మళ్లీ ఫోను. "వచ్చాడా?" రాలేదన్నాను. "నాకేదో భయంగా ఉందిరా. పొద్దున పళ్లెం పక్కనే ఉన్న నీళ్లగ్లాసు కోసం చేత్తో వెతికాడు. ఏమయ్యా అంటే ఆలోచనలో ఉన్నానన్నాడు. నీకేమన్నా చెప్పాడా?" మీ అక్కకి చెప్పకు, చివరి పేజీ అయ్యేదాకా. చెప్పాడే, ఆరు వారాల కిందట చెప్పాడే, నేనే ఇవాళ విన్నాను. "లేదక్కా" అన్నాను. "నువ్వేం దాచట్లేదు కదా?" "లేదు." "నీ లేదు నాకు తెలుసు. చిన్నప్పుడు బెల్లం తిని కూడా ఇలాగే లేదనేవాడివి." నవ్వబోయి ఏడ్చింది. నేను వెళ్లి చూస్తానని పెట్టేశాను. వెళ్లడమెక్కడికి? నేను అటు వెళ్లి, ఆయన ఇటు వచ్చి, పేజీ ఎవరికివ్వాలో తెలియక తలుపు దగ్గర తడుముకుంటే? పన్నెండు దాటితే తడుముకుంటూ గీసిందంతా కట్టలుగా మిగిలిపోతే? నాలుగు నెలల తర్వాత ఆ కన్ను దేన్ని చూస్తుంది, ఈ పుస్తకం ఇవాళ అచ్చయితేనే ఆయన తన కళ్లతో చూస్తాడు. కింద ఉన్నవాడు కదలకూడదు. అయితే కింద అంటే ఎక్కడ? ఈ కాగితం కట్టలా స్తంభం మొదలు? మనిషి ఉన్న చోటు వదిలేసి చోటుకి కాపలా కాయడమా? ఆరు వారాలు నేనసలు స్తంభం మొదట్లోనే లేను, ఇప్పుడు కదలకూడదట, సిగ్గులేని మాట. మడత పెట్టిన కాగితంలా ఉంది బుర్ర, ఎటు విప్పినా అదే గీత. మేస్త్రి పాఠ్యపుస్తకాల చివరి ఫారం కాగితాలు దించుతున్నాడు. "నేను బయటికెళ్తున్నాను" అన్నాను. "ఇప్పుడా? పన్నెండు కొట్టాక నేను ఆపలేనయ్యా, క్యాలెండర్లవాడు గేటు దగ్గరే కూర్చున్నాడు. తర్వాత నన్ననకు." అననన్నాను. లోపలి గదిలోంచి ఆమె, "మరి నీలం?" అంది. "తీయకండి. అలాగే ఉంచండి" అని సందులోకి వచ్చాను.

సందు చివర రోడ్డు. ఎండ తెల్లగా కొట్టింది. పెద్ద బండ్లు ఒకదాని తోక పట్టుకుని ఒకటి పోతున్నాయి, సిమెంటు బస్తాలవి, నీళ్లవి, ఇనుపచువ్వలు తోకలా వేలాడేవి. బస్సు ఆగేచోటికి పరుగెత్తాలని కుడివైపు తిరిగాను, తిరిగి, ఆగిపోయాను. అవతలి పక్కన, పొద్దున నేను చూసిన ఒరిగిన స్తంభం దగ్గర, బావ నిలబడి ఉన్నాడు. ఎక్కడికీ పోనక్కర్లేని మనిషిలా నిలబడి ఉన్నాడు. ఒక చెయ్యి స్తంభానికి, చంకలో గొట్టం, చొక్కా వీపంతా తడిసి ఒంటికి అతుక్కుంది. ఎంతసేపటినుంచో చెప్పక్కర్లేదు, స్తంభం నీడ ఆయన్ని వదిలి ఎటో వెళ్లిపోయింది. మనుషులు పక్కనుంచి పోతున్నారు, ఎవరికోసమో ఎదురుచూస్తున్నాడనుకునే ఉంటారు. అది నిజమే కదా. నా వైపే చూస్తున్నాడు. చెయ్యి ఎత్తాను. ఆయన ముఖంలో ఏమీ కదల్లేదు. నాకూ ఆయనకీ మధ్య ముప్పై అడుగులు, ఆయన కంటికి నేను లేను. రోడ్డు ఎలా దాటానో తెలియదు, ఎవడో తిట్టిన తిట్టు మాత్రం గుర్తుంది. దగ్గరికి వెళ్లాక ఆయన తల పక్కకి తిప్పాడు, కోడి గింజను చూసినట్టు, కంటి కొసతో.

"నేనే బావా" అన్నాను.

"నడక విన్నాను" అన్నాడు. "ఆలస్యమైందా?"

"లేదు."

"బస్సు దిగి ఏడో స్తంభం దగ్గర దాటితే ప్రెస్సు సందు అని మనసులో పెట్టుకుని వచ్చాను. లెక్క ఎక్కడో తప్పింది. ఇది ఆరోదో ఏడోదో." చంకలో గొట్టం సర్దుకున్నాడు. "అడగొచ్చనుకో. ఆ ఎదురుగా మందులషాపు బోర్డు ఉంది చూడు, దాన్ని రాసింది నేనే. అదేమిటో చదివిపెట్టమని ఎవర్ని అడగనురా?"

నేను ఆ బోర్డు వైపు చూశాను. మాటలు రైలుకట్ట మీద వదిలేసి వచ్చినట్టుంది.

"చదివావా?" అన్నాడు. దేన్నో చెప్పలేదు.

"ఇవాళ చదివాను బావా. ఇప్పుడే."

"ఇవాళా" అన్నాడు. ఆయన ముఖం మీద ఎండ ఉంది, రెప్ప వేయకుండా ఎండలోకే చూస్తున్నాడు. "ప్రతి ఆదివారం వీధి తలుపు తీసే పెట్టాను. మీ అక్క దోమలొస్తాయని తిట్టేది. రాకపోతే, పోనీ వాడికి కోపం తగ్గలేదు, తగ్గాక వస్తాడు అనుకున్నాను."

గొట్టం చంకలోంచి తీసి ఇచ్చాడు. ఇస్తుంటే నా చెయ్యి ఎక్కడుందో కొద్దిగా వెతుక్కున్నాడు. మూత తీసి సగం లాగి చూశాను. ఇంకు చుక్క లేదు, పేజీ అంతా నీలమే. స్తంభం. దాన్ని కావలించుకుని దిగుతున్న లైన్‌మన్, కాళ్లు ఒకదాని కింద ఒకటి, ప్రతి వేలూ పట్టు తెలిసిన వేలు. నడుం కిందికి వచ్చేసరికి గీతలు పలచబడి, కొట్టుకుని, ఆగిపోయాయి. ఆ కింద తెల్లకాగితం.

"పడెయ్యలేకపోయాన్రా" అన్నాడు. "దింపుతూ వచ్చాను. నేల ఎక్కడుందో కనబడలేదు. అక్కడ ఆపేశాను. ఇంకు నువ్వు పెట్టు. నిటారంటే ఏమిటో నీకు తెలుసు."

అప్పుడు సందులోంచి మెషిను చప్పుడు మొదలైంది. ముందు రెండు దెబ్బలు విడివిడిగా, తర్వాత ఒకే పరుగు. బావ అటు చెవి తిప్పి విన్నాడు. పెదవుల మీదికి ఏదో రాబోయింది.

"మనదేనా?"

"కాదు బావా. క్యాలెండర్లు."

తల ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు. తర్వాత స్తంభం మీది చెయ్యి మెల్లగా పైకి జరిపాడు, అందినంత ఎత్తు, మళ్లీ కిందికి. పాత బోర్డు చెక్కని తడిమి చూసినట్టు చూశాడు.

"ఇందాకటినుంచి దీన్నే చూస్తున్నాను. ఇది నిటారుగా ఉందా? నా మీద జాలిపడి చెప్పకు. లైన్‌మన్‌లా చూసి చెప్పు."

తలెత్తి చూశాను. పట్టు తీగ తెగి వేలాడుతోంది. పైతీగలు ఒక పక్కకి లాగేస్తున్నాయి.

"లేదు బావా" అన్నాను. "ఇది వంగే ఉంది."

ఆయన స్తంభం మీదినుంచి చెయ్యి తీసి, గాలిలో ఒకసారి వెతికి, నా భుజం మీద వేశాడు. బరువంతా దాని మీదే వేశాడు. నేను కదల్లేదు.